నెలకొక్క సాయంకాలము

“రాత్రికేమి వండవలెను?” అను ప్రశ్న వినబడని గృహము తెలుగునాట నుండదు. పగటి వంటకు ముందుచూపు ఉండును. పండుగ వంటకు ఆచారము దారి చూపును. రాత్రి వంటకు మాత్రము అలసటయే తోడు. పగలెల్ల ఇంటనో, కచ్చేరిలోనో పాటుపడిన స్త్రీ దీపములు పెట్టువేళకు మరల పొయ్యి యెదుట నిలువవలసినదే. ఇంటిల్లిపాదికిని వేడిగా వడ్డించి తాను విస్తరి ముందు కూర్చుండునప్పటికి అన్నము చల్లారియుండును, కూర గిన్నె అడుగు కనబడుచుండును. మేమిది నిష్ఠూరముగా చెప్పుట లేదు. ఎల్లరకు తెలిసిన సంగతినే చెప్పుచున్నాము. నెలలో ముప్పది రాత్రులుండగా అందొక్కటియైనను గృహిణి పదుగురితోపాటు కూర్చుండి, ఇంకొకరు వడ్డింపగా, వేడివేడిగా తినుట యుచితమని మా యభిప్రాయము. ఆ యొక్క సాయంకాలమును మేమెట్లు గడుపుచున్నామో సోదరీమణులకు విన్నవింతుము.

మేము నాంపల్లిలో నొకే వీధియందు కాపురముండు ఏడుగురు స్త్రీలము. మాలో బడిపంతులమ్మ కలదు, బ్యాంకి ఉద్యోగిని కలదు, గడప దాటి సంపాదింపని వారమును కలము. అందరికంటె చిన్నయామెకు ఇరువదినాలుగేండ్లు, పెద్దయామెకు డెబ్బదెనిమిది. ప్రతి నెల మొదటి శనివారము సాయంకాలము ఆరు గంటలకు బయలుదేరి తొమ్మిదింటికి తిరిగి యిల్లు చేరుదుము. పట్టుచీరలు కట్టము, నగలు పెట్టము, ఇంటికట్టుతోనే పోదుము. ఆనాడు ఇంటనున్నవారు పెరుగన్నము కలుపుకొందురు. అందువలన నెవ్వరును చిక్కిపోలేదు.

2022 జూను నెలలో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు విహారనౌక నడచినది. అట్టి నౌకలలో రాత్రి భోజనమునకు రెండు తెరువులుండును. ఒకటి, వేళ తప్పక, తగిన దుస్తులు ధరించి, నియమించిన బల్లయొద్ద కూర్చుండి చేయునట్టి విందు. రెండవది, ఉన్నపాటున పోయి, కావలసినది పళ్లెమున పెట్టుకొని, ఇష్టమైనచోట కూర్చుండి తినునట్టిది. ఈ సంగతి మా బృందములో చర్చకు వచ్చినప్పుడు, “మనకు ఓడ యెక్కనక్కరలేదు గదా!” అని మేమందరము నవ్వుకొంటిమి. నాంపల్లి స్టేషనునుండి ఆబిడ్సు కూడలివరకు గల కొద్దిపాటి నడకలో ఈ రెండవ తరహా భోజనమునకు ఎన్నియో తావులున్నవి.

ఇన్ని తినుబండారపు తావులు ఇచ్చటనే యేల వెలసినవని యడుగవచ్చును. ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాను కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిద్ అను అర్మీనియా దేశస్థుడు పెట్టిన అంగడివలన ఆబిడ్సుకు ఆ పేరు వచ్చినది. నాంపల్లి రైల్వే స్టేషను 1907లో నిర్మితమైనది. మొజంజాహీ మార్కెట్టు 1935లో లేచినది. రైలు దిగినవారు, బేరమాడ వచ్చినవారు, కచ్చేరీలు వదలి యిండ్లకు పోవువారు, సినిమా చూడవచ్చినవారు, అందరును ఈ దారులలోనే కలియుచుండిరి. జమ్రుద్, ప్యాలెస్ టాకీసులు నేడు లేవు. మఖ్దూం మొహియుద్దీను మొదలగు కవులు గంటలకొలది కూర్చుండిన ఓరియంటు హోటలును లేదు. అయినను ఆకలిగొన్న సాయంకాలపు జనము మాత్రము తరుగలేదు.

ముందుగా ఇరానీ హోటళ్లను గూర్చి చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి ఇరానుదేశపు కుటుంబములు బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాదు చేరి ఈ హోటళ్లను నెలకొల్పినవి. ఆబిడ్సులోని గ్రాండు హోటలు 1935 నాటిది. ఇచ్చటి టీ మన యింటి టీ వంటిది కాదు. డికాక్షను ఒక పాత్రలో సన్నని సెగమీద మూతపెట్టి చిరకాలము మరుగును. పాలు వేరొక పాత్రలో చిక్కబడువరకు కాగును. రెండును కప్పులో మాత్రమే కలియును. కావుననే పాల కమ్మదనము, ఆకు వగరు రెండును వేరువేరుగా నాలుకకు తెలియును. దానితో ఉప్పు తీపి కలిసిన ఉస్మానియా బిస్కత్తు గాని, వేలెడంత ఉల్లి సమోసా గాని తీసికొనవచ్చును. అతి తక్కువ ఖర్చుతో గంటసేపు కూర్చుండి మాటలాడుకొనుటకు ఇంతకు మించిన తావు లేదు.

ఈ హోటళ్లలో పలుచోట్ల తెరలు కట్టిన “ఫ్యామిలీ” గదులుండెడివి. వానిని చూచి నేటి యువతులు ముఖము చిట్లింతురు. మేమట్లు చేయము. ఘోషా పాటించు కాలమున ఆ తెర లేకున్న స్త్రీ హోటలు గడప త్రొక్కుటయే లేదు. ఆ తెర యామెను దాచినదను మాట నిజమే. లోనికి రానిచ్చినదను మాటయు నిజమే. కాని కాలము మారిన పిదప తెర యొక సౌకర్యముగా నుండవలెనే గాని విధిగా నుండరాదు. ఒకనాడు మేమొక హోటలునకు పోగా, ముందరి సాలలో గాలి వీచుచోట బల్లలు ఖాళీగా నుండియు, మమ్ము మెట్లెక్కి ఉక్కగా నున్న వెనుకగదికి పొమ్మనిరి. మా పెద్దయామె మోకాళ్లు నొప్పిగలది. “నాయనా! మేము టీ త్రాగవచ్చితిమి, దాగుకొనుటకు రాలేదు” అని యామె నెమ్మదిగా చెప్పి, కిటికీ ప్రక్క బల్లయొద్ద కూర్చుండెను. తక్కిన యారుగురమును కూర్చుంటిమి. ఎవ్వరును మారు పలుకలేదు, టీ వచ్చినది. ఆనాటినుండి మేము వెనుకగదికి పోలేదు.

శాకాహారులకు, అందును రాత్రి అన్నము ముట్టని పెద్దలకు, ఇడ్లీ, దోసె, ఉప్మా దొరకు హోటళ్లు సదుపాయముగా నుండును. ఆబిడ్సులోని తాజ్‌మహల్ హోటలు ఇట్టి ఫలహారములకు ఎన్నో యేండ్లుగా పేరుపడినది. మేము చెప్పిన పెద్దయామె మాలో నొకరికి అత్తగారు, మాకందరికిని “అత్తయ్యగారే”. ఆమె ఏకభుక్తము; రాత్రి ఫలహారమే. మొదటిసారి ఆమెను శాకాహార హోటలునకు తోడ్కొనిపోయినప్పుడు వడ్డించు పిల్లవాడు వచ్చి, “అమ్మా! మీకేమి కావలెను?” అని యడిగెను. ఆమె కోడలి వైపు చూచి, “నీకేదియో నాకును అదే” యనెను. ఆ పిల్లవాడు మంచివాడు, కదలక, “అది ఆమెకు తెత్తును, మీకేమి తేవలెనమ్మా?” యని మరల నడిగెను. ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు, “పెసరట్టు. అల్లపు పచ్చడితో” నని యనెను.

పెసరట్టు వచ్చిన పిదప ఆమె చెప్పిన సంగతి మేము మరువజాలము. అది యామెకు పుట్టినింటి నాటినుండి ప్రాణమట. అరువదేండ్లు తన చేతులతో పోసినది. కాని మొదటి యట్లు పిల్లలకు, పిదపటివి మగవారికి, ఆపైవి వచ్చిన చుట్టమునకు పోగా, గిన్నె కడిగిన పిండితో పోసిన తునక యామెకు మిగిలెడిదట. “నాకేమి యిష్టమో యెవ్వరును అడుగలేదమ్మా. అడుగకపోగా నేనును మరచితిని” అనెను. ఆమె యేడ్వలేదు, నవ్వుచునే చెప్పినది. విన్న మాకే కొంతసేపు ముద్ద దిగలేదు. ఆ మరునాటినుండి వారి యింట పెసరట్లు పోసినపుడు మొదటి యట్టు అత్తగారికి వేయుట కోడలు నియమముగా చేసికొన్నది. హోటలులో పెట్టిన సొమ్మునకు ఇంతకంటె లాభమేమి కావలెను?

భోజనానంతరము తీపి కావలెనన్న మొజంజాహీ మార్కెట్టు కలదు. గడియారపు స్తంభముతో రాతికట్టడమైన యా మార్కెట్టు శిథిలమై యుండగా బాగుచేసి 2020లో మరల తెరచిరి. అందు 1951నుండి నడచుచున్న ఫేమస్ ఐస్‌క్రీమువారి అంగడియు, తక్కిన ఐస్‌క్రీము అంగళ్లును ముంగిట కుర్చీలు వేయుదురు. ఆయా ఋతువుల పండ్ల గుజ్జుతో చేయుట వీరి ప్రత్యేకత: వేసవిలో మామిడి, శీతకాలమున సీతాఫలము. మంచుగడ్డలలో ఉప్పు కలుపగా ఆ చల్లదనము నీటి గడ్డకంటె మించిపోవును. దాని నడుమ పాత్రను త్రిప్పుచుండగా పాలు గడ్డకట్టక నురుగువలె పేరుకొనును. ఇది యింట పిల్లలకు చేసి చూపదగిన పాఠము. ఆ ప్రక్కనే కరాచీ బేకరీ కలదు. దేశవిభజన కాలమున సింధుదేశము విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ దానిని 1953లో స్థాపించెను. ఇంటనున్న పిల్లలకు పండ్లముక్కల బిస్కత్తులు కొనిపోయినయెడల మా షికారుపై వారికి కినుక యుండదు.

జనవరి వచ్చినచో మా శనివారము నుమాయిషులోనే. ఉస్మానియా పట్టభద్రుల పూనికతో 1938లో పబ్లిక్ గార్డెన్సునందు ప్రారంభమైన ఈ ప్రదర్శనము 1946లో నాంపల్లిలోని నేటి మైదానమునకు మారినది. జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు నలుబదియారు దినములు జరుగుట వాడుక. కాశ్మీరపు శాలువలు, లక్నో చికను పని చూచుచు నడచి కాళ్లు నొప్పి పుట్టినపుడు, నూనెలో తేలుచున్న మిరపకాయ బజ్జీ వాసన మనలను తానే పిలుచును. చలిగాలిలో నిలుచుండి, కన్నుల నీరు కారుచుండ ఆ బజ్జీ తినుటలోని సుఖము బల్లయొద్ద కూర్చుండువారికి తెలియదు. ఒకదినమున స్త్రీలకే ప్రవేశముండుట యిచ్చటి ఆచారము. ప్రదర్శనము నడుపు ఎగ్జిబిషన్ సొసైటీవారే ఆ ఆవరణములో సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయమును, కమలా నెహ్రూ స్త్రీల పాలిటెక్నికును నడుపుచున్నారు. ఆ టిక్కెట్టు కొన్నవారు ఆడపిల్లల చదువునకు నొక చేయి వేసినట్లే.

మా యేడుగురిలో నొకామె ముస్లిము సోదరి. రంజాను మాసమున మా సాయంకాలమును ఆమె వేళకు దిద్దుకొందుము. ప్రొద్దు క్రుంకి అజాను వినబడువరకు మేమును గ్రుక్కెడు నీరైనను ముట్టక కూర్చుందుము. ఆమె ఖర్జూరముతో ఉపవాసము విడిచిన పిదప అందరమును తిందుము. హలీము చేయు విధమును ఆమెయే మాకు చెప్పినది. గోధుమలు, మాంసము, పప్పులు, నేయి, సుగంధద్రవ్యములు కలిపి పెద్ద డేగిసాలలో గంటలకొలది ఉడికించి, కర్రతో ఎనిపి ముద్దచేయుదురట. హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మాంసము తినని మా బోంట్లు ఆమెతో పండ్లు పంచుకొందుము. ఒకే బల్లయొద్ద ఇరువురి నియమములును చెడక నిలుచుట యీ నగరమునకు కొత్తగాదు.

“ఇది దుబారా కాదా?” యని కొందరడుగుదురు. మేము లెక్క వ్రాసి చూచుకొంటిమి. ప్రతి యామెయు కూరలు, సరకుల ఖర్చులో వారమునకు కొంత మిగిల్చి డబ్బాలో వేయును. నెలాఖరున నా డబ్బాలో నెంత యున్న నంతకే మా షికారు. తక్కువైన నెల టీ, బిస్కత్తులతో సరి. అప్పు చేయుట లేదు, అడుగుట లేదు. “ఆరోగ్యము చెడదా?” యని మరికొందరు. అందుకు మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిమి. జనసమ్మర్దముగల చోటనే తిందుము, ఏలయన అచ్చట చేసినది నిలువ యుండదు. కళ్లయెదుట వేడిగా దించినదే తీసికొందుము. త్రాగునీరు వెంట కొనిపోవుదుము. అన్నియు నొకేసారి తెప్పింపక, ఒక్కొక్కటి తెప్పించి పంచుకొందుము. పెద్దలున్నచో మెట్లు లేని తావును, చేతులు కడుగుకొను వసతిని ముందుగా విచారింతుము. దూరమునుండి వచ్చు చుట్టములకు 2018 సెప్టెంబరునుండి నాంపల్లి మీదుగా నడచుచున్న మెట్రో రైలు మిక్కిలి అనుకూలము.

ఇంటి వంటను తక్కువచేయుట మా తలంపు గాదు. అమ్మ చేతి చారునకు ఏ హోటలును సాటిరాదు. కాని ఆ చేతికిని విశ్రాంతి కావలెను; ఆ నాలుకకును రుచి కలదు; ఆ మనస్సునకును ఇష్టాయిష్టములు కలవు. ఆబిడ్సు, నాంపల్లి మీకు దూరమైనను చింతలేదు. మీ యూర నొక యిడ్లీ దుకాణమో, తిరునాళ్లలో బజ్జీల బండియో యుండకపోదు. సోదరీమణులారా! ఈ నెల మీ యింటిలో అందరికంటె కడపట భోజనము చేయువారెవరో యొకమారు చూడుడు. వారినడుగుడు, “మీకేమి కావలెను?” అని. వెంటనే బదులు రాకున్నచో తొందరపడక వేచియుండుడు.