హమాలి బీరు

ఈ వారం ముచ్చట ఒక బీరు గురించి.

నా పాత స్టూడెంట్ ఒకతనికి ఉద్యోగం వచ్చింది. మా ఉప్పుగూడ బస్తీ పిల్లవాడే. "పార్టీ నాది సార్" అని పాతబస్తీ నుంచి గచ్చిబౌలి దాకా తీసుకుపోయాడు. నాలుగో అంతస్తులో, అక్కడే తయారుచేసి అక్కడే పోసే బీరు. అన్నిటికన్నా నల్లగా ఉన్న గ్లాసు చూపించి "ఇది పోర్టర్" అన్నాడు. ఫోన్‌లో ఒక మార్కుల పట్టిక తీశాడు. మొత్తం 50. వాసనకు 12, కనపడే తీరుకు 3, రుచికి 20, నోటికి ఎట్లా తగులుతుందో దానికి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. "పేపర్లు దిద్దేది మీరే కదా సార్, వెయ్యండి" అన్నాడు.

వేశాను. దీపానికి అడ్డం పెడితే నలుపు కాదు, అంచున ఎర్రటి గోధుమ రంగు. 3కి 3. మొదట మరీ చల్లగా ఉండి వాసనే రాలేదు. కాసేపు ఆగితే తెరుచుకుంది. కాఫీ, చాక్లెట్ అని మెనూలో రాశారు. నాకు తగిలింది మాడిన జొన్నరొట్టె. నిజానికి అదే సరైన మాట. మొలకెత్తించిన బార్లీని మాడేదాకా వేయించడం వల్ల వచ్చే వాసన అది. 9 వేశాను. నాలుక మీద సన్నటి తీపి, వెనకనే చేదు. 14. కొంచెం నీళ్లగా ఉంది. 3.

అప్పుడు ఆ పేరు గుర్తొచ్చింది. 18వ శతాబ్దం లండన్‌లో వీధుల్లో, రేవుల్లో బరువులు మోసిన కూలీలు ఇష్టంగా తాగడం వల్లే దీనికి పోర్టర్ అని పేరు. అంటే హమాలి. మన హమాలీ మాట కూడా మోసేవాడు అనే అరబ్బీ 'హమ్మాల్' నుంచి వచ్చిందే.

మా నాయిన మలక్‌పేట గంజ్‌లో హమాలి. మిర్చి బస్తా భుజానికి ఎత్తుకోగానే లోపల తడి ఉందో లేదో వాసనతో చెప్పేవాడు. రేటు కట్టేది మాత్రం సేటు. ఊర్లో మా తాతకు కల్లు పైనుంచి ఒంపేవాళ్లు. కల్లు వాళ్లది, దొప్ప మాది. పులిసిందా లేదా అని మా తాతను ఎవరూ అడగలేదు.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. రసం అంటే రుచి అని, దాన్ని ఆస్వాదించేవాడు సహృదయుడని పాఠం చెప్తాను. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేర చెప్పి క్లాసును నవ్వించాను కూడా. ఆ జొన్నకూడు తిన్నవాళ్లు శ్రీనాథుడికి ఎన్ని మార్కులు వేసేవాళ్లో ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు నాది.

తాగుడులో విముక్తి ఉందని నేను అనడం లేదు. గుడుంబా మింగేసిన ఇళ్లు మా గల్లీలోనే ఉన్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయారు. అది కూడా ఒక తీర్పే. కానీ వాళ్లు తాగితే అభిరుచి, మేం తాగితే దురలవాటు అనే లెక్క మాత్రం నేను ఒప్పుకోను.

ఇంటికొచ్చి మా నాయినకు చెప్పాను.

"హమాలోళ్ల పేరు మీద బీరా? ఎట్లుంది?"

"మాడిన రొట్టె లెక్క ఉంది నాయినా."

నవ్వాడు. "అది ఇంట్ల దొరికేదే గద." కాసేపాగి మళ్లీ అడిగాడు. "నాలుగో అంతస్తు అంటివి. ఆ బార్లీ బస్తాలు పైకి ఎవలు మోస్తరు బిడ్డా?"

నేను చూడలేదు. లిఫ్టులో పోయి లిఫ్టులో వచ్చాను.

29 దగ్గర ఆగాను. చివరి 10 మార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది.

జై భీమ్.