చేపకు తోడు పులుపు

మద్యమునుగూర్చి నేను వ్రాయుట చూచి మీరు ముక్కుపై వ్రేలిడుకొందురేమో. కొంచె మోపికతో చదువ వేడెదను.

మా నాయనగారు మా యక్కచెల్లెండ్ర నిద్దఱను చెంత గూర్చుండబెట్టుకొని భారతము చెప్పిరి. కచుని బూడిదను సురలో కలిపి యియ్యగా త్రాగిన శుక్రాచార్యుడు సురాపానమును శపించిన ఘట్టము వచ్చినపుడు వారి కంఠము గద్గదమయ్యెడిది. దానికి హేతువు మా యింటనే యుండెను. మా పినతండ్రి రెండెకరముల మాగాణిని, పిన్ని మెడలోని పుస్తెలను సారాకు సమర్పించి నలువదియేండ్లకే గతించెను.

అట్టి యింట పుట్టిన నా చెల్లెలు ఫ్రాన్సులో నాంత్ పట్టణముచెంత ద్రాక్షాసవము చేయు తోటలో రసపరీక్షకు కుదిరినదని వినగానే నాకు తల కొట్టివేసినట్లయ్యెను. ఏడాదిపాటు దానిని పలుకరింపలేదు. 2024వ సంవత్సరము జనవరిలో దానికి నెలలు నిండుచున్నవని తెలిసెను. మా యమ్మ లేదు. “పురుటికి పోవలసినదానవు నీవే కదా” అని మావారు బడికి పోవుచు నొక్కమాట యనిరి. పోయితిని.

అచటి మద్యము పేరు మస్కదే. లువార్ నది సముద్రమును చేరు ప్రాంతమున పండు ‘మెలోన్ ద బుర్గోన్’ అను తెల్లద్రాక్షతో చేయుదురు. 1709వ సంవత్సరపు ఘోరమైన చలికి తోటలు పాడుకాగా, చలికోర్చు నీ జాతిని విరివిగా నాటిరట. పులిసిన రసమును మడ్డినుండి వేఱుచేయక, పలుచోట్ల నేలలో కట్టిన తొట్లయందు, చలికాలమంతయు నట్లే యుంతురు. అందువలన రుచికి నిండుదనము వచ్చును. ‘సెవ్ర్-ఎ-మెయిన్’ సీమ మస్కదేకు 1936లోనే ప్రభుత్వము హద్దు లేర్పఱచెను.

దీని వన్నె లేతగడ్డివంటిది. తీపి లేదు, పులుపు మెండు. దీనికి జోడు కడలిలోని ఆల్చిప్పలు. వానిని పచ్చిగనే, నిమ్మరసము పిండి తిందురు! నేను మొగము త్రిప్పుకొంటిని. మఱియొక జోడు సాండ్ర్ అను నదిచేప. చిన్నయుల్లిపాయలను వెనిగరులోను మద్యములోను మరిగించి, వెన్నను కొంచెముకొంచెముగా చేర్చి గిలకొట్టి, ఆ తెల్లని పులుసును చేపపై పోయుదురు. కారపుకూరలముందును, తీపివంటలముందును ఈ మద్యము తేలిపోవునట.

“ఈ జోడు కుదుర్చుట యేమి వింతయే?” అంటిని.

“అక్కా, గోదావరి చేపలో అమ్మ మామిడికాయ యేల వేసెడిది?”

“నీచు విఱుగుటకు.”

“ఇదియు నంతియే. మనము పులుపును కూరలో వేసికొందుము. వీరు గ్లాసులో పోసికొందురు.”

ఆదివారమున దాని తోడి యుద్యోగులు భోజనమునకు వచ్చిరి. నేను వంటింటనే కూర్చుండ నిశ్చయించుకొంటిని. చెల్లెలు వేఱొక గిన్నె నా ముందుంచి, “నీ పులుసు విడిగా చేసితిని. ఇందు వెనిగరు తప్ప మఱేమియు లేదు” అనెను. నిండుగర్భిణి రెండుమాఱులు పొయ్యికడ నిలిచినది! నాకు సిగ్గువేసినది. పోయి వారితో పంక్తిని కూర్చుంటిని. పులుసు కమ్మగానే యుండెను.

అది మాత్రము చుక్కయైన త్రాగదు. గర్భము నిలిచినది మొదలు రుచిచూచుపని మాని, యంత్రపరీక్షలే చేయుచుండెనట. 2007 నుండి ఆ దేశమున ప్రతి మద్యపు సీసాపైనను గర్భిణులకు హెచ్చరిక ముద్రింపవలెనను విధి కలదని చూపెను. ద్రాక్షదైనను, సారాయైనను మత్తు మత్తే. ఏ కొలదియు దేహమునకు క్షేమకరము కాదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆ మాటయే నేననగా చెల్లెలు చాలసేపు మిన్నకుండి, “పిన్ని బోసిమెడ నాకును జ్ఞాపకమే అక్కా” అనెను. ఏడాదినుండి నే నడుగనిదానికి అదియే బదులు.

ఫిబ్రవరిలో ఆడుశిశువు కలిగెను. నేను మద్యము ముట్టలేదు, ముట్టను. కాని చెల్లెలితో మాట మానుట యిక నా వలన కాదు. తోబుట్టువుల వృత్తి నచ్చక తలుపు మూసికొన్న సోదరి యెవరైన నున్నచో, ఒకమాఱు పోయి వారి పంక్తిని కూర్చుండుడని నా మనవి.