తునకలు, ద్రవాభిసరణం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్ కెమిస్ట్రీ రివిజన్‌లో ద్రావణాల పాఠం దగ్గర కాసేపు ఆగండి. నేను తెలుగు లెక్చరర్నే. ఆ పుస్తకంలోని తెలుగు కొరుకుడుపడకే హాస్టల్ పిల్లలు నా దగ్గరికొస్తారు. మొన్న ఒకమ్మాయి ‘ద్రవాభిసరణం’ నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఉదాహరణ చెప్పమంటే ఊరగాయ అంది. "మరి మీ అమ్మమ్మ తునకలకు ఉప్పెందుకు పట్టిస్తది?" అన్నాను. పక్కవాళ్లను చూసి తలొంచుకుంది.

మాంసం మీది ఉప్పునీళ్లు గాఢమైనవి. కణం పొర ఉప్పును ఆపి నీటిని వదులుతుంది, అందుకే నీళ్లు లోపలి నుంచి గాఢత ఎక్కువున్న వైపు పోతాయి. బాక్టీరియాలోని నీళ్లూ అంతే, అది ముడుచుకుని చస్తుంది. మిగతా పని దండెం మీద ఎండ చూసుకుంటుంది. లెక్కల్లో మాత్రం, ఉప్పు రెండు అయాన్లుగా విడిపోతుంది గనక వాంట్‌హాఫ్ గుణకం దాదాపు 2 అని మరవకండి.

ఉప్పేసిన మాంసం ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకంలోనూ ఉంది. జవాబులో ఊరగాయ పక్కనే తునకలూ రాయండి.