ఆ మాట అక్కడ ఉన్నదా?

మా పెద్దమ్మాయి నర్సు. గుంటూరులో బి.ఎస్సీ. నర్సింగు ముగించి, అక్కడే ఒక ఆసుపత్రిలో రెండున్నర సంవత్సరములు పని చేసినది. ఇంగ్లాండులో నర్సు పనికి వెళ్ళవలెనంటే ముందుగా ఇంగ్లీషు పరీక్ష వ్రాయవలెనన్న సంగతి మీలో అనేకులకు తెలిసినదే. 2023లో ఆమె ఆ ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్ష వ్రాసినది. వినుటలోను, మాటలాడుటలోను ఏడేసి వచ్చినవి. వ్రాయుటలో ఆరున్నర. చదువుటలో మాత్రము ఆరే. ఆ దేశపు నర్సుల మండలి వారు చదువుటలో ఏడు అడుగుతారు. వ్రాతకు కూడ మునుపు ఏడే అడిగేవారు, 2018లో ఆరున్నరకు తగ్గించినారు. చదువుటకు తగ్గించలేదు.

పరీక్ష రుసుము, పట్టణములోని కోచింగు సెంటరు ఫీజు కలిపి, మా ఇల్లాలి గాజులు బ్యాంకులో పెట్టి కట్టి ఉన్నాము. ఫలితము ఫోనులో చూచిన రాత్రి మాకు నోరు నిలువలేదు. “నీకు అసలు వెళ్ళవలెనని మనసు లేదు. మనసు ఉన్నదానివైతే ఆరు వస్తుందా? ఎప్పుడు చూచినా ఫోను. ఎనిమిది కొట్టకముందే నిద్ర. వీసా మాట ఒక్కనాడైనా ఎత్తినావా?” అన్నాము. ఆమె ఏమీ బదులు చెప్పలేదు. కంచములో అన్నము అలాగే ఉంచి లేచి వెళ్ళినది. బదులు చెప్పలేదంటే ఒప్పుకున్నట్టే గదా అనుకున్నాము. ఈ సంగతి ఇక్కడ వ్రాయుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయినను, తరువాత జరిగినదంతయు దీని మీదనే నిలిచియున్నది కనుక వ్రాయుచున్నాము.

మరుసటి సంవత్సరము మరల పరీక్షకు కట్టి, నెల దినములు సెలవు పెట్టి ఇంటికి వచ్చినది. విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకముల కొట్లలో అభ్యాస పుస్తకములు మూడు కొని తెచ్చుకున్నది. ఈసారి కోచింగు వద్దన్నది. అక్కడ వారానికి మూడు పరీక్షలు పెట్టి మార్కులు గోడకు అంటించేవారట గాని, తప్పు ఎందుకు తప్పయినదో కూర్చోబెట్టి చెప్పినవారు లేరట. “ఇంగ్లీషు వ్యాఖ్యానములు అలమర నిండా పెట్టుకున్నారు గదా, మీరే పిల్ల ప్రక్కన కూర్చోండి” అని మా ఇల్లాలు అన్నది. మాకు కొంచెము ఉబ్బు కలిగిన మాట నిజము. మూడేండ్లు వేదాంత పాఠశాలలో ఇంగ్లీషు గ్రంథములే చదివి డిప్లొమా పుచ్చుకున్నవారము. పిల్లకు నేర్పుటకు ముందు మేమే ఒక పేపరు వ్రాసి చూతుమని, గోడ గడియారము ఎదురుగా వరండాలో కూర్చున్నాము.

ఈ పరీక్షను ఎరుగనివారి కొరకు రెండు మాటలు. మూడు పాఠములు ఇస్తారు. మూడును కలిసి 2,150 నుండి 2,750 మాటల వరకు ఉంటాయి. ప్రశ్నలు 40, కాలము 60 నిముషములు. ఆ నిముషమున్నరలోనే పాఠము చదువవలెను, ప్రశ్న చదువవలెను, జవాబు వ్రాయవలెను. కాగితము మీద వ్రాసేవారికి వినుట పరీక్షలో జవాబులు ఎక్కించుకొనుటకు పది నిముషములు వేరుగా ఇచ్చేవారు, చదువుటలో ఆ దయ లేదు. రెండు మాటలకు మించి వ్రాయవద్దన్న చోట మూడు వ్రాస్తే మార్కు పోయినట్లే. అక్షరము తప్పినా పోయినట్లే. తప్పు జవాబుకు ఉన్న మార్కు కోయరు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువకూడదు. 40లో 23 సరియైతే దాదాపుగా ఆరు, 30 సరియైతే ఏడు.

మాకు 19 వచ్చినవి.

మా అమ్మాయి దిద్ది, కాగితము మా చేతికిచ్చి, నవ్వకుండ ఉండుటకు వంటింటిలోనికి వెళ్ళినది. మేము తప్పిన వాటిలో సగము ఒకే తెగకు చెందినవి. ఒక వాక్యము ఇచ్చి, పాఠమును బట్టి అది ట్రూ అనవలెనో, ఫాల్స్ అనవలెనో, నాట్ గివెన్ అనవలెనో అడుగుతారు. పాఠము అదే మాట చెప్పితే ట్రూ. దానికి విరుద్ధము చెప్పితే ఫాల్స్. ఆ సంగతే ఎత్తకపోతే నాట్ గివెన్. వినుటకు సుళువుగానే ఉన్నది గాని, మేము మొత్తము పేపరులో ఒక్కచోట కూడ నాట్ గివెన్ పెట్టలేదు.

ఆదివారము సాయంకాలము స్త్రీల కూడికలో తెలుగులో ఇట్లు అడిగి చూచినాము. “ఒక రైతు 1998లో రెండెకరములు అమ్మినాడు. 1999లో కుమార్తె పెండ్లి చేసినాడు. ఇప్పుడు చెప్పండి: కుమార్తె పెండ్లి కొరకు రైతు పొలము అమ్మినాడు. ఇది ట్రూ యా, ఫాల్సా, నాట్ గివెనా?” కూడికలో ఉన్న పదునాలుగుమందిలో పదముగ్గురు ట్రూ అన్నారు. “కాక మరెందుకు అమ్ముతాడు అయ్యగారూ?” అని ఒక పెద్దామె మమ్మునే గద్దించినది. అప్పు తీర్చుటకు అమ్మియుండవచ్చును. మరియొక చోట కొనుటకు అమ్మియుండవచ్చును. ఇచ్చిన రెండు వాక్యములలో కారణము లేదు. కారణము మన ఊళ్ళలో ఉన్నది, మన అనుభవములో ఉన్నది. అక్కడ నుండి తీసి ఆ రైతు నెత్తిన పెట్టినాము. పదునాలుగవ ఆమె మా ఇల్లాలు. అప్పటికి వారము దినములుగా ఇంట్లో ఇదే గోల గనుక ఆమెకు తెలిసిపోయినది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మా ఇల్లాలు అన్నది: “మరి క్రిస్మస్ నాటకములో ప్రతి యేడు ముగ్గురు పిల్లలకు అట్ట కిరీటములు చేయిస్తారు గదా, జ్ఞానులు ముగ్గురని ఎక్కడున్నది?” మత్తయి 2వ అధ్యాయము తీసి చూచినాము. కానుకలు మూడు, బంగారము, సాంబ్రాణి, బోళము. మనుష్యులు ఎందరో లేదు. ఇరువది సంవత్సరములుగా ప్రసంగించుచున్న అధ్యాయము అది. సౌలు దమస్కు త్రోవలో నేల మీద పడినాడని అపొస్తలుల కార్యములు 9లో ఉన్నది, గుఱ్ఱము మీద నుండి అని లేదు. గుఱ్ఱము మేము ఏ పటములోనో చూచి తెచ్చుకున్నది. ఏదెను తోటలో పండు ఉన్నది, ఆపిల్ అని లేదు. ఇంగ్లీషు రాకపోవుట వలన మా మార్కులు పోయినవనుకున్నాము. తెలుగులో కూడ మేము చదువుచున్నది ఇట్లే.

మా అమ్మాయి ఇబ్బంది మాత్రము వేరు. నాట్ గివెన్ ఆమెకు మా కంటె బాగుగానే వచ్చేది. ఆమెకు చాలనిది కాలము. మూడవ పాఠము సగములో ఉండగానే గంట అయిపోయేది. ఒకనాడు ఎదురుగా కూర్చుండి ఆమెనే చూచినాము. వ్రేలు పంక్తి క్రింద పెట్టుకొని కదుపుచున్నది. పెదవులు కదులుచున్నవి. ప్రతి వాక్యమును లోపల తెలుగులోనికి త్రిప్పుకొని, అప్పుడు గాని క్రింది వాక్యమునకు పోవుట లేదు. అట్లు చదువుట ఆమెకు నేర్పినది ఎవరు? మేమే. ఆరేండ్ల పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వ్రేలు పెట్టి, ఒక్క మాట కూడ మ్రింగకుండ పైకి చదువుమని నేర్పినాము. తొందరపడితే వ్రేళ్ళ మీద కొట్టినాము కూడ. కీర్తనలు చదువుటకు అది మంచి పద్ధతే. దానిని మేము ఇప్పటికీ తప్పు పట్టము. గడియారము ఎదుట పెట్టుకొని తేనెటీగలను గూర్చి తొమ్మిది వందల మాటలు చదువుటకు అది పనికిరాదు.

వ్రేలు మాన్పించుటకే పది దినములు పట్టినది. పెన్ను కుడిచేతికి, పళ్ళెము ఎడమచేతికి ఇచ్చి, పళ్ళెములో వేయించిన శనగలు పోసినాము. చేతికి పని ఉంటే వ్రేలు పంక్తి మీదికి పోదని మా ఇల్లాలి ఉపాయము. మొదట పాఠమంతయు రెండు మూడు నిముషములలో పైపైన చూచి, ఏ పేరాలో ఏ సంగతి ఉన్నదో మాత్రము ప్రక్కన ఒక మాట వ్రాసుకొనుట, తరువాత ప్రశ్న చదివి ఆ పేరాకే పోయి అక్కడ మాత్రము నెమ్మదిగా చదువుట. కోచింగులో “పాఠము చదువవద్దు, ప్రశ్నలోని మాటలు పాఠములో వెతుకు” అన్నారట. అది సగమే నిజము. ప్రశ్నలో పిల్లలు అని ఉంటే పాఠములో పండ్రెండేండ్ల లోపువారు అని ఉంటుంది. మాట దొరికినదని సంతోషించిన చోటనే తరచుగా ఉచ్చు ఉంటుంది. పేరాలకు శీర్షికలు జతపరచుమన్న ప్రశ్నలో మరీను. శీర్షికలోని మాట పేరాలో ఒక మూల కనబడుతుంది, పేరా అంతయు మాత్రము మరియొక దానిని గూర్చి. మొదటి పాఠమునకు 15 నిముషములు, రెండవదానికి 20, కఠినమైన మూడవదానికి 25 అని కాలము పంచుకున్నది. ప్రతి ఉదయము ఒక పేపరు, సాయంకాలము తప్పులు మాత్రమే. తప్పుల కాగితము ప్రశ్నల కాగితము కంటె పెద్దదయ్యేది.

ఇంట్లో ఆ మాట వాడుక అయినది. కూరలో ఉప్పు ఎందుకు తగ్గినదని అడిగితే “నాట్ గివెన్” అని మా చిన్నవాడు. సంఘములో ఎవరో ఎవరినో గూర్చి చెప్పుటకు వస్తే మా ఇల్లాలు మా వంక చూచేది.

మూడవ వారములో ఒక రాత్రి, దీపము ఆర్పిన తరువాత, నిద్ర పట్టక మేము అన్న ఆ పాత మాటను తీసి ఈ లెక్కకు పెట్టి చూచుకున్నాము. పిల్ల ఫోను చూచుచున్నది: ట్రూ. ఎనిమిదింటికే నిద్రపోవుచున్నది: ట్రూ. వీసా మాట ఎత్తలేదు: ట్రూ. వెళ్ళుటకు మనసు లేదు: అది ఎక్కడ ఉన్నది? వారానికి మూడు రాత్రులు డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఎనిమిదింటికి నిద్రపోక ఏమి చేస్తుంది?

తెల్లవారి వరండాలో ఆమెను అడిగినాము. “అమ్మా, పోయిన సంవత్సరము ఆ రాత్రి నిన్ను ఒక మాట అన్నాము. నీ ఫోనులో ఏముండేది?”

“మాటలు నాన్నా. రోజుకు ఇరువై ఇంగ్లీషు మాటలు పెట్టుకొని చూచుకునేదాన్ని.”

“వీసా మాట ఎందుకు ఎత్తలేదు?”

“గాజులు బ్యాంకులో ఉన్నాయి గదా. ఏడు రాకముందు వీసా మాట ఏ మొహముతో ఎత్తను?”

“ఆ రాత్రే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు నాన్నా. మీరే చెప్పేశారు.”

క్షమించుమని అడిగినాము. ఆమె శనగల పళ్ళెము మా వైపు జరిపి, గడియారము చూచి పేపరు మొదలుపెట్టినది. ఆనాడు 31 వచ్చినవి.

పరీక్షనాడు తెనాలిలో రైలెక్కి ముగ్గురము విజయవాడ వెళ్ళినాము. ఈసారి కంప్యూటరు మీద వ్రాత. ఎడమప్రక్క పాఠము, కుడిప్రక్క ప్రశ్నలు కనబడుతాయి గనుక వ్రేలు పెట్టుటకు వీలు కూడ లేదు. బయటికి వచ్చిన తరువాత ఎట్లు వ్రాసితివని మేము అడగలేదు. మా ఇల్లాలు కూడ అడగలేదు. స్టేషనులో ఇడ్లీలు తిని వచ్చినాము. నాలుగు దినముల తరువాత చదువుటలో ఏడు అని వచ్చినది. మిగిలినవి కూడ వారు అడిగినంత వచ్చినవి. ఇక మీద నర్సు పనిని గూర్చిన పరీక్షలు ఉన్నవి, ఒకటి కంప్యూటరు మీద, మరియొకటి ఆ దేశము వెళ్ళిన తరువాత. గాజులు ఇంకను బ్యాంకులోనే ఉన్నవి.

మా వీధి చివర ఇంటి అమ్మాయి నర్సింగు ఆఖరు సంవత్సరములో ఉన్నది. సెలవులకు వచ్చి ఆ మూడు పుస్తకములు అడిగి తీసుకొని, సాయంకాలములు మా వరండాలోనే కూర్చుండి వ్రాయుచున్నది. ఆమెతో పాటు మేమును ఒక పేపరు వ్రాయుచున్నాము. ఆమెకు నిన్న 24. మాకు 27, అందులో నాలుగు తప్పులు మరల నాట్ గివెన్‌లోనే.