ఎనిమిదక్షరాల పేరు

మీరు నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. నవలలు రాయడం మొదలుపెట్టక ముందు నేను కొన్నాళ్ళు పోస్ట్‌మాస్టర్‌గా పనిచేశాను. "హన్మకొండ హెడ్డాఫీసులోనా?" అని అడక్కండి. నా పోస్టాఫీసుకి ఎర్రడబ్బా లేదు, ముద్ర కొట్టే చప్పుడూ లేదు. అది ఒక కంప్యూటర్ పొట్టలో ఉండేది.

1998లో బి.ఏ. పూర్తిచేసి, తెలుగూ చరిత్రా తప్ప ఏమీ రాని పిల్లకి ఉద్యోగం ఎవరిస్తారా అని నేను దిగులు పడుతూంటే, హన్మకొండలో ఒక ఎగుమతి ఆఫీసు వాళ్ళు ఇచ్చారు. వరంగల్ తివాచీలు పై దేశాలకు పంపడం వాళ్ళ వ్యాపారం. ఉత్తరాలు టైపు చేయడం నా పని. నాలుగు కంప్యూటర్లు, వాటిని కలుపుతూ గోడ వెంబడి ఒక నల్ల వైరు. ఆ వైరు మీద మేం ఒకళ్ళకొకళ్ళం ఉత్తరాలు రాసుకోవచ్చు. మేనేజరుగారు పక్కగదిలోంచి "టీ చెప్పండి" అని కంప్యూటర్లో రాసేవారు. పిలిస్తే వినబడే దూరమే. అయినా ఆ ముచ్చట అలాంటిది!

అందులో పెద్ద మాయ ఏమీ లేదు. ఒక కంప్యూటర్లో ఒక అర. అందరి ఉత్తరాలూ ఆ అరలో పడతాయి, ఎవరివి వాళ్ళు తీసుకుంటారు. పూర్వం ఇళ్ళల్లో ఉత్తరాలన్నీ ఒకే తీగకి గుచ్చి వేలాడదీసేవారే, అలాగన్నమాట. పేరు మాత్రం ఎనిమిది అక్షరాలు దాటకూడదు. నా పేరు ఇంగ్లీషులో రాస్తే పన్నెండు. తోక నాలుగక్షరాలూ తెగ్గొట్టి నన్ను అరలో కూర్చోబెట్టారు.

ఇంతవరకూ ఇంటిగుట్టు. బయటి ప్రపంచంతో మాకు సంబంధం లేదు. జర్మనీ బేరగాళ్ళు "మీ ఈమెయిలు చిరునామా ఏమిటి?" అని ఫాక్సు మీద ఫాక్సు పంపుతున్నారు. అప్పటికే బయట దారులు పడిపోయి ఉన్నాయి. పేరుకీ ఊరికీ మధ్య ఆ జిలేబీ చుట్టలాంటి గుర్తు పెట్టడం 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు మొదలుపెట్టాడు. మన దేశంలో 1986లో ఎర్నెట్ అనే పథకం వచ్చింది. 1987లో బొంబాయిలో ఐ.ఐ.టి.కీ, ఎన్.సి.ఎస్.టి. అనే సంస్థకీ మధ్య ఫోను తీగ మీద ఈమెయిలు నడిచింది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. వారు మామూలు జనానికి కూడా ఇంటర్నెట్ ఇచ్చారు. మా నాలుగు కంప్యూటర్లు మాత్రం కోటలో రాణివాసంలా ఉండిపోయాయి.

ఆఖరికి ఒక సిస్టం అబ్బాయిని పెట్టారు. ఆ అబ్బాయి ఒక పాత కంప్యూటర్ని మూలన పెట్టి, దానికి మోడెమ్ తగిలించి, అదే మన గేటు అన్నాడు. మా లోపలి ఉత్తరాన్ని అది తీసుకుని, పైకవరు మార్చి, బయటివాళ్ళకి అర్థమయ్యే పద్ధతిలో పేరూ ఊరూ రాసి పక్కన పెట్టుకుంటుంది. పొద్దుపోయి ఎస్టీడీ చార్జీలు తగ్గాక హైదరాబాదుకి ఫోను చేసి మనవి అక్కడ అప్పగించి, మనకొచ్చినవి తెస్తుంది. మళ్ళీ కవరు విప్పి లోపలి అరలో పడేస్తుంది. దానికి 'తోరణం' అని పేరు పెట్టాడు. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా కీర్తితోరణాలు ఉన్నాయి గదా, ద్వారాలే తప్ప తలుపుల్లేవు. మంచి పేరే పెట్టాడు అనుకున్నాను.

ఇక మా ఇంటి సంగతి. మా అక్క అంతకు ముందు సంవత్సరం తన ఇష్టప్రకారం రిజిస్టరు పెళ్ళి చేసుకుని బావతో న్యూజెర్సీ వెళ్ళిపోయింది. మా బాపు బడిపంతులుగా రిటైరైన మనిషి. ఆ రోజునుంచి అక్క పేరెత్తలేదు. అక్క ఫోను చేస్తే అమ్మ మాట్లాడేది, ఆయన పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

అలాంటి మనిషి ఒక రాత్రి అన్నం తింటూ, "మీ ఆఫీసుల అదేదో వచ్చిందంటివి. అక్కకు జాబు పోతదా?" అన్నారు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "పోతది బాపూ" అన్నాను.

చెప్పారు, రాసుకున్నాను. రెండే వాక్యాలు. "నువ్వు చేసింది నాకు నచ్చలేదు. ఇల్లు ఇక్కడనే ఉన్నది."

మర్నాడు ఆఫీసులో సొంత ఉత్తరానికి మేనేజరుగారి అనుమతి తీసుకుని, తెలుగు మాటల్ని ఇంగ్లీషక్షరాల్లో టైపు చేస్తూ కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గర నా వేళ్ళు ఆడలేదు. ఎందుకొచ్చిన గొడవ అని అది వదిలేశాను. "ఇల్లు ఇక్కడనే ఉన్నది, బిడ్డా" అని పంపాను. ఆ 'బిడ్డా' కూడా నాదే.

మర్నాటి సాయంత్రం గుమ్మంలోనే "వచ్చిందా?" అన్నారు బాపు.

"రాలే బాపూ."

రెండోరోజూ అదే. మూడోరోజూ అదే. అయిదోరోజునుంచి అడగడం మానేశారు. నేను చెప్పులు విప్పుతూంటే నా మొహం చూసి మళ్ళీ పేపర్లో తల దూర్చేవారు. ఎనిమిదోరోజున పోస్టాఫీసుకి వెళ్ళి ఒక ఏరోగ్రాం కొని తెచ్చుకున్నారు. రాయలేదు. కళ్ళజోడు పెట్టె కింద పెట్టారు. "అంత అభిమానం దానికి" అని అమ్మతో అంటూంటే విన్నాను. నాకు అక్క మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

పదోరోజున జర్మనీనుంచి ఫాక్సు వచ్చింది, "మీ అకౌంటెంటుకి రాసిన ఈమెయిలుకి జవాబు లేదేం?" అని. సిస్టం అబ్బాయి తోరణం ముందు కూర్చుని గంటసేపు తల గోక్కున్నాడు. చివరికి దొంగ దొరికాడు. బయటికి వెళ్ళే ఉత్తరాల మీద, హుందాగా ఉంటుందని, మా పూర్తి పేర్లు వేసేటట్టు పెట్టాడు. లోపలికి వచ్చేటప్పుడు ఆ పూర్తి పేరుని ఎనిమిదక్షరాల పేరుగా మార్చాలని చెప్పడం మరిచాడు. మేనేజరుగారిది ఆరక్షరాల పేరు, ఆయనవి చక్కగా వచ్చేవి. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. అకౌంటెంటుగారూ నేనూ పొడుగు పేర్లవాళ్ళం, తోరణం దగ్గరే ఆగిపోయాం!

మరి ఆ ఉత్తరాలు ఏమైనట్టు? 1982లో ఈమెయిలుకి రాసిన నియమాల్లోనే ఉందట, బయటి ఉత్తరాలు తీసుకునే ప్రతిచోటా పోస్ట్‌మాస్టర్ అనే పేరుతో ఒక పెట్టె ఉండి తీరాలని. దిక్కులేనివన్నీ అందులో పడేటట్టు మా తోరణానికి చెప్పి ఉంది. ఆ పెట్టె ఒకటుందని మా అందరికీ అప్పుడే తెలిసింది. తెరిస్తే పదకొండు ఉత్తరాలు. అందులో అక్కది ఒకటి. తేదీ చూశాను. నేను పంపిన మర్నాడే రాసింది.

చిల్లుల కాగితం మీద అచ్చుకొట్టించి ఇంటికి పరుగెత్తాను. ఇంగ్లీషక్షరాల్లో తెలుగు చదవడం బాపు వల్ల కాదు, నన్నే చదవమన్నారు. చదివాను. "ఆ మాట బాపు నోట రావడానికి ఏడాది పట్టిందా" అన్న వాక్యం ఒకటుంది. దాన్ని మింగేసి, "సంక్రాంతికి వస్తున్నాం, సకినాలు చేయించి పెట్టండి" దగ్గరికి దూకేశాను. బాపు ఏరోగ్రాంని మడిచి పుస్తకంలో పెట్టేసుకున్నారు.

1999 సంక్రాంతికి అక్కా బావా వచ్చారు. అక్క పర్సులోంచి బాపు ఉత్తరం తీసి చూపించింది, అన్నాళ్ళూ దాచుకుంది. అక్కచేత పైకి చదివించుకుని బాపు, "నేనిట్ల చెప్పలేదే" అన్నారు. అక్క, "నేను రాసింది అంతా చదివిందా ఇది?" అంది. ఇద్దరూ నావంక తిరిగారు. నేను సకినాల పళ్ళెం వంక చూశాను. బాపు కాసేపాగి, "పోనీలే, నడిమిట్ల ఒక మనిషుండాలె" అన్నారు.

ఆ తర్వాత ఆఫీసులో పోస్ట్‌మాస్టర్ పెట్టె నాకప్పగించారు. పొద్దున్నే వెళ్ళి, పేరు తప్పినవాళ్ళని వాళ్ళ అరల్లోకి చేర్చేదాన్ని. రెండు చోట్ల మధ్య వైరు వేయడం ఒక రోజు పని. లోపలివాళ్ళు ఒక పేరుతోనూ బయటివాళ్ళు మరో పేరుతోనూ పిలిచే మనిషి ఒకరేనని గుర్తుపట్టడమే అసలు పని. పుట్టింట్లో ఒక పేరూ అత్తింట్లో ఒక పేరూ ఉన్న ఆడవాళ్ళం, మనకి ఇది వేరే చెప్పాలా?

బాపు 2011లో పోయారు. ఆయన పుస్తకాలు సర్దుతూంటే ఏరోగ్రాం దొరికింది. పైన అక్క చిరునామా ఉంది, లోపల ఖాళీ. ఆ తొమ్మిది రోజులూ ఆయన ఏం అనుకున్నారో అడగాలని ఎప్పుడూ తోచలేదు నాకు.

ఇప్పుడు ఉత్తరాలన్నీ చేతిలోని ఫోనులోకే వస్తున్నాయి. అయినా అందులోనూ స్పామ్ అని మనం తెరవని పెట్టె ఒకటుంటుంది. ఎవరిమీదైనా "జవాబు రాయలేదు" అని కోపం పెంచుకునే ముందు, ఆ పెట్టె ఒక్కసారి తెరిచి చూడండి. పాత పోస్ట్‌మాస్టర్ని గనక చెబుతున్నాను.