సముద్రానికి నాలుగో దారి

హైదరాబాదులో మూసీనది ఒడ్డున అంబర్‌పేట వున్నది. అక్కడి పిల్లలు, "సముద్రం చూడాలి!" అని మారాం చేశారనుకోండి. ఎలా వెళ్ళాలి?

బందరు దగ్గర మంగినపూడి తీరం వున్నది. అది ఉష్ణమండలంలో వున్నందువల్ల చలికాలంలో కూడా అక్కడి సముద్రపు నీరు వణికించేటంత చల్లగా వుండదు.

గోలకొండ సుల్తానుల కాలంలో బందరే వారి ముఖ్యమైన రేవు. ఆనాటి వర్తకులు ఎద్దుబండ్లమీద రోజుల తరబడి ప్రయాణం చేసి అక్కడికి చేరేవారు. మనకు అంత శ్రమ లేదు.

మొదటిది రోడ్డు. మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో బస్సు ఎక్కితే, సూర్యాపేట, విజయవాడల మీదుగా సుమారు 340 కిలోమీటర్లు పోయి బందరు చేరవచ్చు. రెండవది రైలు. సికింద్రాబాదులో రాత్రి ఎక్కి పడుకుంటే, తెల్లవారి బందరులో దిగవచ్చు. మూడవది విమానం. శంషాబాదులో ఎక్కితే సుమారు గంటలో గన్నవరం చేరుతుంది. కాని ఖర్చు ఎక్కువ. పైగా అక్కడినుంచి మళ్ళీ రోడ్డుమీద పోవలసిందే.

ఇక నాలుగో దారి ఒకటి వున్నది. దానికి టిక్కెట్టు అక్కరలేదు. అదేమిటో చెప్పుకోండి చూద్దాం!

అదే మూసీనది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, అంబర్‌పేట పక్కగా పారి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ విజయవాడలో ప్రకాశం బరాజి దాటి, హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో వరద వచ్చి బరాజి గేట్లు ఎత్తితే, మన నీళ్ళు మనకన్న ముందే సముద్రానికి ప్రయాణం కడతాయి.

నీళ్ళు మాత్రమేనా? మనం కాలవలో విసిరిన ప్లాస్టిక్ సంచి కూడా వెళ్ళగలదు. అంబర్‌పేటలో మురుగునీటిని శుద్ధిచేసే పెద్ద కేంద్రం వున్నది. రోజుకు 33 కోట్ల లీటర్లకు పైగా శుద్ధిచేసే శక్తి దానికి వున్నది. కాని నేరుగా నదిలో పడిన సంచిని అది ఆపలేదు గదా!

కృష్ణ సముద్రంలో కలిసే తీరానికి చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్రపు తాబేళ్ళకు జెల్లీచేపలు ఇష్టమైన ఆహారం. నీటిలో తేలే సంచి అచ్చం జెల్లీచేపలాగే కనబడుతుంది. పాపం, తాబేలు దాన్ని మింగితే, అది కడుపులో అడ్డుపడి తాబేలు ప్రాణమే పోవచ్చు.

కనుక, పిల్లలూ! మీరు టిక్కెట్టు కొనుక్కొని హాయిగా సముద్రానికి వెళ్ళి రండి. చెత్తను మాత్రం టిక్కెట్టు లేకుండా అక్కడికి పంపకండి!