లైడెన్‌లో నాన్నతో ఒక భోజనం

నెదర్లాండ్స్ వచ్చిన మనవాళ్లలో చాలామంది ఆమ్‌స్టర్‌డామ్ కాలవల దగ్గర నాలుగు ఫొటోలు, తులిప్ తోటల్లో నలభై ఫొటోలు దిగి ‘చూసేశాం’ అనుకుంటారు. నన్నడిగితే ఒక్క రోజు మిగిల్చుకుని లైడెన్ వెళ్లమంటా. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో నలభై నిమిషాలు కూడా పట్టదు. టికెట్ కోసం క్యూ కట్టక్కర్లేదు. స్టేషన్లో మెషీన్ మీద బ్యాంక్ కార్డు ఆనిస్తే లోపలికి, దిగాక మళ్లీ ఆనిస్తే బయటికి. దిగేటప్పుడు ఆనించడం మాత్రం మర్చిపోకండి, ఛార్జీ ఎక్కువ పడుతుంది.

నేను హేగ్‌లో ఉద్యోగం చేస్తున్నా. లైడెన్ మాకు పావుగంట దూరం. పోయిన సెప్టెంబరు చివర్లో నాన్న వచ్చినప్పుడు ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లా. నాన్నది కృష్ణా జిల్లా దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక పల్లె. విదేశం రావడం అదే మొదటిసారి. వచ్చిన రోజు నుంచీ ఆయన చేసిన పని ఒక్కటే: ఏది చూసినా ధరని వందతో గుణించడం. “కాఫీ మూడొందల యాభయ్యా? మనూళ్లో ఆ డబ్బులతో బర్రెకి దాణా వస్తుంది” అని కప్పు కిందపెట్టేవాడు.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడుస్తుంటే ముందు కనిపించేది ‘ద వాల్క్’ అనే గాలిమర. 1743లో కట్టారు. పిండి ఆడిన మర, ఇప్పుడు మ్యూజియం. అక్కడి నుంచి కాలవలే కాలవలు, వాటి మీద వంతెనలు, గోడలకి ఆనించిన సైకిళ్లు. రెంబ్రాంట్ 1606లో పుట్టింది ఈ ఊళ్లోనే. నెదర్లాండ్స్‌లో అన్నిటికంటే పాత విశ్వవిద్యాలయం కూడా ఇక్కడిదే, 1575 నాటిది. తల పైకెత్తి నడిస్తే ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో కవితలు కనిపిస్తాయి. రకరకాల భాషలవి, రకరకాల లిపులవి, వందకి పైనే ఉన్నాయి.

“వీళ్లే కదా మన బందరొచ్చింది?” అన్నాడు నాన్న. అవును. డచ్ కంపెనీవాళ్లు 1605లోనే మచిలీపట్నంలో కొఠీ పెట్టారు. అద్దకం బట్టలు ఓడల్లో ఇక్కడికి తెచ్చుకున్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ బందర్లో ఉన్నాయి. “అయితే మనమే ఆలస్యంగా వచ్చాం, నాలుగొందల ఏళ్లు” అని నవ్వాడు.

బుధవారం, శనివారం లైడెన్‌లో కాలవ ఒడ్డునే సంత జరుగుతుంది. తినడానికి వెళ్లాలనుకుంటే ఈ రెండు రోజుల్లో వెళ్లండి. ఒడ్డున వీధుల పేర్లే సరుకుల పేర్లు. ‘బోటర్‌మార్క్ట్’ అంటే వెన్న బజారు, ‘ఫిస్‌మార్క్ట్’ అంటే చేపల బజారు. పక్కనే ధాన్యం వంతెన. ధాన్యం తడవకుండా ఆ వంతెనకి పైకప్పు వేశారు. వంతెనకి పైకప్పు నాన్నకి తెగ నచ్చింది. “మన మార్కెట్ యార్డుల్లో వడ్ల మీద కప్పడానికి పట్టాలే దొరకవు” అన్నాడు.

చీజ్ దుకాణంలో అమ్మాయి చిన్న ముక్క చేతిలో పెట్టింది. నాన్న నోట్లో వేసుకుని ఆగిపోయాడు. “ఇందులో జీలకర్ర ఉందే!” ఉంది మరి. లైడెన్ చీజ్ గొప్పే అది. ఈ చుట్టుపక్కల పాడి రైతులు జీలకర్ర వేసి చేస్తారు. అసలైన దాని మీద అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవుల ముద్ర ఉంటుంది. ఊరి చిహ్నమూ అదే. “బ్రెడ్డులో పెట్టివ్వనా?” అని అడిగింది. నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు.

చేపల బండి దగ్గరా అంతే. హెరింగ్ అనే చేపని వీళ్లు వండరు. ఉప్పులో ఊరబెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లి మెత్తగా ఉండగానే తింటారు. ఉప్పుచేప తిని పెరిగిన నాన్న భయపడలేదు. “ఎండబెట్టని ఉప్పుచేప” అని తీర్పిచ్చి రెండు ముక్కలు తిన్నాడు. అది పెట్టిచ్చిన బన్ను మాత్రం నా చేతిలో పెట్టాడు.

నాన్న బ్రెడ్డు తినడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. జ్వరమొచ్చినా జావే తాగుతాడు. కొందరికి వంకాయ పడదు, నాన్నకి బ్రెడ్డు పడదు, అంతే. అది అలవాటనే మేమంతా అనుకుంటూ పెరిగాం.

ఆ ఊళ్లో ఆ వారం ఎటు చూసినా ఎర్ర, తెల్ల జెండాలు కడుతున్నారు. అక్టోబరు 3 పండగ ముందుంది మరి. లైడెన్‌కి అది సంక్రాంతి లాంటిది. ఆ సంగతి చెబుతానని నాన్నని లాకెన్‌హాల్ మ్యూజియంకి తీసుకెళ్లా. 1640లో ఉన్ని బట్టల నాణ్యత పరీక్షించడానికి కట్టిన భవనం అది. అందులో ఒక పాత వంటపాత్ర ఉంది. దాని కథ ఇదీ.

1574లో స్పెయిన్ సైన్యం ఈ ఊరిని చుట్టుముట్టింది. స్పెయిన్ రాజు మీద డచ్చివాళ్లు తిరగబడ్డ రోజులవి. మే నెలాఖరు నుంచి నాలుగు నెలల పైచిలుకు, ఊళ్లోకి గింజ కూడా రాలేదు. ఆకలితోనూ తెగులుతోనూ ఊళ్లో దాదాపు మూడో వంతు మంది పోయారు. లొంగిపోదామని ఆకలిగొన్న జనం గొడవ చేస్తే, మేయర్ వాన్ డెర్ వెర్ఫ్ ‘నా చెయ్యి కోసుకు తినండి, ఊరిని మాత్రం అప్పగించను’ అన్నాడని చెప్పుకుంటారు. ఇక్కడ ఆయన పేరుతో పార్కు ఉంది, అందులో ఆయన విగ్రహమూ ఉంది.

కాపాడటానికి బయటివాళ్లకి ఒకటే దారి కనిపించింది. దక్షిణాన కరకట్టలు తెగ్గొట్టి పొలాల మీదికి నీళ్లు వదిలారు. ఆ నీళ్ల మీద లోతు తక్కువ పడవలేసుకుని రావాలని ఎత్తు. వారాలు గడిచినా నీళ్లు చాల్లేదు. అక్టోబరు మొదట్లో పెద్ద గాలివాన లేచింది. గాలి సముద్రాన్ని లోపలికి తోసింది. నీళ్లు పెరిగేసరికి స్పెయిన్ సైన్యం రాత్రికి రాత్రి శిబిరాలు వదిలి పారిపోయింది. 3వ తేదీ పొద్దున పడవలు ఊళ్లోకొచ్చాయి. ఆకలితో ఉన్నవాళ్లకి హెరింగ్ చేపలు, తెల్ల బ్రెడ్డు పంచారు. ఒక అనాథ పిల్లాడు ఖాళీ శిబిరానికి వెళ్లి చూస్తే సైనికులు వదిలేసిన కూర పాత్ర దొరికిందట. మ్యూజియంలో ఉన్నది ఆ పాత్రేనని ఊరి నమ్మకం. ఇప్పటికీ ఏటా ఆ రోజు పొద్దున్నే పాత తూకం భవనం దగ్గర ఊరివాళ్లకి చేపలు, తెల్ల బ్రెడ్డు పంచుతారు. ముందు రోజు సాయంత్రం ఇంటింటా ఆ కూర వండుకుంటారు. పేరు హుట్స్‌పాట్.

నేను హుషారుగా ఇదంతా చెబుతున్నా. నాన్న ఆ పాత్రకేసే చూస్తున్నాడు. “గాలివానలో నీళ్లొచ్చి బతికారా?” అని ఒక్క మాట అడిగాడు.

మధ్యాహ్న భోజనానికి కాలవలో కట్టేసిన పడవ మీద కూర్చున్నాం. లైడెన్‌లో చాలా హోటళ్లకి ఒడ్డున వంటిల్లు, నీళ్ల మీద బల్లలు. చలిగా ఉంటే కుర్చీ మీద దుప్పటి కూడా ఉంటుంది. మెనూ డచ్‌లో ఉన్నా కంగారొద్దు, అందరికీ ఇంగ్లిషు వచ్చు. ఒక్కో వంటకం ఇరవై యూరోల చుట్టూ ఉంటుంది. వెజిటేరియన్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు, వాళ్లకి తెలుసు. మేం ఆవపిండి సూపు, హుట్స్‌పాట్ చెప్పాం. హుట్స్‌పాట్ అంటే క్యారెట్, ఉల్లి, బంగాళాదుంప ఉడికించి మెదిపేస్తారు. 1574లో ఇక్కడ బంగాళాదుంప లేదు, అది తర్వాత చేరింది. మామూలుగా పక్కన గొడ్డు మాంసం పెడతారు. వద్దంటే తీసేస్తారు.

సూపుతో పాటు చిన్న బుట్టలో తెల్ల బ్రెడ్డు వచ్చింది. నాన్న బుట్టని నెమ్మదిగా నా వైపు జరిపాడు. తర్వాత చాలాసేపు నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

“నాకప్పుడు తొమ్మిదేళ్లు” అన్నాడు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. పదివేల మంది పోయారని పుస్తకాల్లో చదివా. మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. తాత తన పంచె చింపి నాన్నని తాటిచెట్టుకి కట్టేశాడట. నాయనమ్మ చేతిలో చెల్లెలుంది. ఐదేళ్ల పిల్ల. నీళ్లు తీసేసరికి నాయనమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. నాన్నకో చెల్లెలుందని నేను విన్నది ఆ పడవ మీదే.

“మూడో రోజో నాలుగో రోజో లారీ వచ్చింది. తలకో బ్రెడ్డు ఇస్తున్నారు. ఇంట్లో ఎంతమంది బాబూ అని అడిగారు. నలుగురం అన్నా. నాలుగిచ్చారు. ఇంటికి తెచ్చి ముగ్గురికి మూడిచ్చా. నాలుగోది దాచా. వస్తే ఆకలేస్తుంది కదా దానికి.”

“తర్వాత?”

“బూజు పట్టింది. మా అమ్మ చూసింది. ఏమీ అన్లేదు. తీసుకెళ్లి కాలవలో వేసింది.”

వెయిటర్ అమ్మాయి వచ్చి ఖాళీ సూపు గిన్నెలు తీసుకుపోయింది. బ్రెడ్డు బుట్ట ఉంచమంటారా అని అడిగింది. నాన్న ఉంచమన్నాడు.

హుట్స్‌పాట్ వచ్చింది. పసుపు, నారింజ కలిసిన రంగులో ముద్ద. నాన్న ఒక చెంచా తిని, జేబులోంచి అమ్మ కట్టిచ్చిన కందిపొడి పొట్లం తీశాడు. “ఉప్పూ కారం లేకుండా పండగేంటి వీళ్లకి?” అన్నాడు. పొడి కలుపుకుని మొత్తం తిన్నాడు. మెతుకు మిగల్చడం ఆయనకి ఎప్పుడూ లేదు.

“ఏటా పంచుతారా బ్రెడ్డు?”

“ఏటా. నాలుగొందల యాభై ఏళ్లయింది నాన్నా.”

“అప్పటోళ్లు ఎవరూ లేరుగా.”

“లేరు.”

“పర్లేదులే. తినేదానికి ఎవరో ఒకళ్లుండాలి” అన్నాడు.

దీనికి నేనేం జవాబు చెప్పలేదు. రెండు ఊళ్లనీ పక్కపక్కన పెట్టి పోల్చడం నా వల్ల కాదు. వీళ్లకి నీళ్లు పడవల్ని తెచ్చాయి. మాకు మనుషుల్ని తీసుకెళ్లాయి. వీళ్లు గెలిచారు కాబట్టి పండగ చేసుకుంటారు, మనమెలా చేసుకుంటాం అని మీరనచ్చు. కానీ ఆ ఊళ్లో మూడో వంతు మంది ఆ పొద్దుటి బ్రెడ్డు చూడలేదు. అది అందరికీ తెలుసు. తెలిసే తింటున్నారు. చిన్న పిల్లలకి కూడా చెప్పి తినిపిస్తున్నారు. మా ఇంట్లో అదే బ్రెడ్డు చుట్టూ దాదాపు యాభై ఏళ్లు ఎవరూ నోరు విప్పలేదు.

ఇక్కడి హోటళ్ల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తా. మన దగ్గర ఆదివారం హోటలుకి వెళ్తే, చేతులు కడుక్కునేలోపే కుర్చీ వెనక ఇంకో కుటుంబం నిలబడి ఉంటుంది. ఇక్కడ మీరు అడిగేదాకా బిల్లు తేరు. గంటలు కూర్చున్నా లేవమని మామూలుగా ఎవరూ అనరు. కొత్తల్లో ‘పట్టించుకోవట్లేదేంటి’ అని నాకు చిరాకేసేది. ఆ రోజు మేం మూడు గంటలు కూర్చున్నాం. మధ్యలో రెండు కాఫీలు చెప్పా. నాన్న వందతో గుణించలేదు. మీ అమ్మానాన్నల్ని ఈ వైపు తీసుకొస్తే చూడాల్సినవాటి లిస్టులోంచి రెండు కొట్టేయండి. ఆ టైములో ఎక్కడైనా నీళ్ల పక్కన కూర్చుని భోజనం చెప్పండి. బిల్లు మాత్రం వెంటనే అడక్కండి.

అక్టోబరు 3 రాకముందే నాన్న వెళ్లిపోయాడు, కోతల పని ఉందని. నవంబరు 19న సాయంత్రం ఫోన్ చేశాడు. మామూలుగా ఆ రోజు ఎవరికీ ఫోన్ చేయడు. అవనిగడ్డ వెళ్లి బేకరీలో బ్రెడ్డు కొన్నాడట.

“తిన్నావా నాన్నా?” అన్నా.

“మీ అమ్మ పాలల్లో ముంచుకుని తింది. నేను పక్కన కూర్చున్నా” అన్నాడు.